తలకాయల ఫ్లెక్సు

భద్రాచలంలో అతీక్ ఫ్లెక్సుల దుకాణంలోకి చందర్ ఊడిపడ్డాడు. పార్టీలో తన పదవేమిటో అతనికే సరిగ్గా తెలియదు గానీ, చొక్కాకు మాత్రం గంజి తగ్గదు.

"అతీక్ భాయ్, జల్దీ ఫ్లెక్సు కొట్టు. సాయంత్రం పినపాకల సన్మాన సభ. చిన్న సైజే కొట్టు, చందాలు రాలే."

"ఎవలికి సన్మానం?"

"బాలి అని మా దిక్కామె. ఆమె ఏం జేసిందంటే..."

"కథలొద్దన్నా. తలకాయలెన్నో చెప్పు."

చందర్ ఫొటోలు పంపాడు. పెద్దాయన, పెద్దాయన కొడుకు, బామ్మర్ది, మండలం నాయకులు, ఆఖరికి టెంట్‌హౌస్ ఓనరు. ఎవరి తల ఎంత పెద్దగా ఉండాలో అతీక్‌కు కొట్టినపిండి. ఒక తల తప్పిపోయిందా, తెల్లారేసరికి ఫ్లెక్సు చిరిగిపోతుంది.

ఇంతలో అతీక్‌కు చెల్లెలు ఫరహా ఫోన్ చేసింది.

"భాయ్, ఆమె జాడ దొరికిందా? రేపే బిడ్డకు పేరు పెట్టేది."

మొన్న వానల్లో అత్తగారింట చెల్లెలికి నొప్పులొచ్చాయి. దారి తెగిపోతే ఎవరో ఒకామె అంబులెన్సు దాకా చేర్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయింది. ఆ చేతుల్లో పెట్టాకే బిడ్డకు పేరని చెల్లెలి పట్టు.

"అన్ని దవాఖానాలల్ల అడుగుతున్న. గంత ధైర్యం జేసిందంటే నర్సమ్మే అయ్యుంటది. కాళ్లు మొక్కయినా తీసుకొస్తా."

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. కాళ్లకు బురద, చేతిలో చిన్న ఫొటో.

"సారూ, నేను బాలిని. నా ఫొటో తెమ్మన్నరు."

"ఆడనే ఆగు. మిషను కాడికి రాకు." అతీక్ తల కూడా ఎత్తలేదు. "జాగ లేదు. పేరు రాస్తలే."

"ఓ మూలకు పెట్టున్రి సారూ. మా ఆయన పోయినకాడికెల్లి పొద్దున్నే నా మొఖం జూడనీకి ఊరోళ్లు జంకుతున్నరు. గోడ మీదన్న జూస్తరు."

"టెంట్‌హౌసాయనను తీస్తే కుర్చీలియ్యడు భాయ్," చందర్ అడ్డొచ్చాడు.

అతీక్‌కు ఒళ్లు మండింది. "ఇన్నవా? నీ మొఖం కోసం ఇంతమంది మొఖాలు కొయ్యాల్నా? ఏం పొడిచినవని?"

ఆమె ఫొటో కొంగున ముడేసుకుంది.

"ఊరూరు నాట్లేసే మా కూలోళ్ల బండి ఎదురుంగ ఆగుంది. సభకని ఆగిన. నా మొఖమే లేనప్పుడు ఎందుకు, పోతున్న," అని గబగబా రోడ్డు దాటింది. బండి కదిలిపోయింది.

"ఏ ఊరు పోతరో ఏమో! పోనీ, శాలువ పెద్దాయనకు కప్పుతం," అన్నాడు చందర్.

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఫ్లెక్సు బయటికొచ్చింది. పదిహేను తలకాయలు నిగనిగలాడుతున్నాయి. వాటి కింద నలిగిపోయి బాలి పేరు. ఎందుకో ఆ సన్మానమేదో వెలితిగా కనిపించింది అతీక్‌కు.

"ఇంతకూ ఏం జేసిందన్నా ఆమె?"

చందర్ ఫ్లెక్సు చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"మొన్న వాగు పొంగినప్పుడు నొప్పులు పడుతున్న పిల్లను భుజానేసుకొని మెడలోతు నీళ్లల్ల దాటిచ్చింది భాయ్. మీ సాయిబుల పిల్లేనంట, ఫరహా అని."