పునాదిలో నీరో

"నకిలీవని చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది," అంది డెర్నా, నాణేలు ఇంకా తన చేతిలో ఉండగానే.

బల్లకి అవతల కూర్చున్న లవీనియా నవ్వింది. పాతికేళ్లుగా ఆ మ్యూజియంలో పాత నాణేల అసలు నకిలీ తేల్చేది ఆమే. "అందరూ అసలువని చెప్పమని బతిమాలతారు. మీరేంటి ఇలా?"

"మాకు ఇల్లు కావాలి," అన్నాడు డెర్నా భర్త నజ్జరేనో.

భూకంపంలో వాళ్ల ఇల్లు కూలి ఏడేళ్లయింది. అప్పటినుంచి ప్రభుత్వం ఇచ్చిన రెండు గదుల చెక్క ఇంట్లో ఉంటున్నారు. ఇన్నాళ్లకి కట్టుకోవడానికి అనుమతి వచ్చింది. నిన్న పునాది తవ్వుతుంటే మట్టిలో ఈ రెండు బిళ్లలు మెరిశాయి. రేపు పొద్దున కాంక్రీటు లారీ రావాలి. ఇవి రోమన్ల కాలానివైతే లారీ రాదు, పురావస్తు శాఖ వాళ్లు వస్తారు. పక్క వీధిలో వాళ్లు పని ఆపించిన పియెరీనో పునాది గుంట నాలుగేళ్లుగా ప్లాస్టిక్ పట్టా కిందే ఉంది.

"బావిలో పడెయ్యమన్నాను. విన్నాడా ఈ మహానుభావుడు?"

"దొరికింది దాస్తే జైల్లో వేస్తారు, డెర్నా."

"వెయ్యనీ. జైలుకి గోడలైనా ఉంటాయి."

లవీనియా ఒక నాణేన్ని భూతద్దం కింద పెట్టింది. "నీరో చక్రవర్తి. ఈ బలిసిన మెడ ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు."

నజ్జరేనో అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. అరుగుదల లేదు."

డెర్నా కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లు మూసుకుని గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

లవీనియా నాణేన్ని చిన్న త్రాసులో పెట్టింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. రెండోదీ తూచింది. "అసలు బంగారు నాణెమైతే ఏడు గ్రాముల పైన తూగాలి. ఇవి అయిదున్నర కూడా లేవు." సూది మొనతో ఒకదాని అంచు చూపించింది. అక్కడ పసుపు పొర లేచి, కింద ఆకుపచ్చగా కనిపిస్తోంది. "లోపల రాగి. పైన బంగారు రేకు తొడిగారు. రెండూ దొంగ నాణేలే."

డెర్నా ఒక్క ఉదుటున లేచి ఆమె రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. నజ్జరేనోకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోను తీసి మేస్త్రీకి చేశాడు.

"లారీని రమ్మను! అవును, రేపే! ఏమీ లేదయ్యా, ఉత్త రాగి ముక్కలు!"

లవీనియా మాత్రం నాణేలు రెండూ పక్కపక్కన పెట్టి, మళ్లీ భూతద్దం మీదికి వంగింది.

"ఆ ఫోను పెట్టెయ్యండి," అంది.

"దొంగవే అన్నారుగా?" అన్నాడు నజ్జరేనో.

"దొంగవే. కానీ రాగికి పట్టిన ఈ చిలుము నిన్నమొన్నటిది కాదు. చేసినవాడు నీరో కాలం వాడే. రెండూ ఒకే అచ్చులో కొట్టాడు. అంచులు కూడా ఇంకా నున్నగా చెయ్యలేదు. ఇవి బజారు మొహమే చూడలేదు."

"అయితే మాకేంటి?" అంది డెర్నా.

లవీనియా ఆమె కళ్లలోకి చూడలేకపోయింది.

"వాడి దొంగ టంకశాల మీ పునాది కిందే ఉందమ్మా."