ఎర్రదీపం ఆరేదాకా

నాటకం మొదలై రెండు నిమిషాలు కాలేదు, కోడలు సీటు అంచుకి జరిగింది. తప్పు జరిగిపోయింది. టైపు చేసింది తనే.

పక్క సీట్లో మామగారు. నాటకం ఆయనదే. ఏడు లోకాలు గెలిచిన పురాణ వీరుడి మీద, వచన కవితలో. పదకొండేళ్ళు రాశారు. ఆ పదకొండేళ్ళూ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు.

అక్షరం పొల్లుపోకుండా టైపు చేసిపెడితే, ముందుగదిలో తన జ్ఞాపికలన్నీ ఎత్తేసి అక్కడ డీటీపీ షాపు పెట్టుకోనిస్తానన్నారు. తేడా వస్తే ఆమెకి ఇప్పట్లాగే ఇంకొకళ్ళ షాపులో చాకిరీయే. ఆయన మాత్రం, రిహార్సల్‌కి వెళ్తే రచయిత చులకనైపోతాడని ఒక్కరోజూ అటు తొంగిచూడలేదు.

స్టేజీ మీద వీరుడు చేతులు చాచాడు.

“తెల్లవాటిని వేరుచేయండి.
కొత్త రంగుల్ని నమ్మకండి.
నీరు గీత దాటనివ్వకండి.
తిరిగేదాన్ని చేత్తో ఆపకండి.”

దర్శకుడేం తక్కువ తినలేదు. తెల్ల ముసుగుల వాళ్ళని ఒక పక్కకి, రంగు ముసుగుల వాళ్ళని ఇంకో పక్కకి నెట్టించాడు. కుండలో గీత దాకా నీళ్ళు పోయించి, అందర్నీ దాని చుట్టూ గిరగిరా తిప్పించాడు. ఎర్రదీపం ఆరేదాకా తలుపు తీయకండి అని చెప్పి, మూసిన తలుపు ముందు వీరుడు పద్నాలుగు నిమిషాలు నిలబడ్డాడు. హాల్లో ఊపిరి తీసినవాడు లేడు. ఒక రిటైర్డ్ ఇంజినీరు వెక్కి వెక్కి ఏడ్చాడు.

కోడలు ఓరకంట చూసింది. మామగారు స్టేజీ మీంచి చూపు తిప్పలేదు.

తర్వాత చర్చ. విమర్శకుడు లేచి, తెలుపంటే ఆత్మ, రంగులంటే కోరికలు, గీత ధర్మం, తిరిగేది కాలం అని పావుగంట దంచాడు. ఎర్రదీపం మాత్రం తన బుర్రకీ అందలేదని, రచయితగారే చెప్పాలని కూర్చున్నాడు.

కోడలు కళ్ళు మూసుకుంది. ముందుగది పోయినట్టే.

మామగారు గొంతు సవరించుకున్నారు.

“అది అహం. ఆ ఒక్క పాదం కోసం నాలుగేళ్ళు నిద్ర మానుకున్నాను.”

చప్పట్లకి పైకప్పు పెచ్చులు రాలాయి.

బయటికొస్తూ ఆయన కోడలి భుజం తట్టారు. “ఒక్క అక్షరం పొల్లుపోలేదమ్మా. రేపే ముందుగది ఖాళీ చేయిస్తా.”

“మీ దయ మామయ్యా,” అంది కోడలు.

ఆయన రాసిన నాటకం మాత్రం, అదే వారం ఆమె టైపు చేసిన ఇంకో ఫైలుతో తారుమారై, ‘వాడే విధానం’ పుస్తకంగా అప్పటికే నాలుగువేల వాషింగ్ మెషిన్ల వెంట ఇళ్ళకి చేరిపోయింది.