మీటరులో మిగిలిన అంకెలు

నా కడుపు మీద స్కానింగ్ చేస్తున్న డాక్టరుగారు చెయ్యి ఆపేశారు. నాకు ఎనిమిదో నెల. బిడ్డ గుండె ఆగిపోయిందని ఆవిడ చెప్పినప్పుడు అత్తయ్య నా పాదాలు పట్టుకుని నిలబడి ఉంది.

ఒంట్లో ఇన్సులిన్ ఊరుతున్నా నా ఒళ్లు దాని మాట వినదట. అందువల్లే ఆరేళ్లలో రెండుసార్లు గర్భం వచ్చి నిలవలేదన్నారు. ఈసారి రోజూ వేలు గుచ్చి షుగర్ చూసుకోమన్నారు. అంకె పెరిగితే వెంటనే రమ్మన్నారు, సూదిమందుతో బిడ్డను కాపాడవచ్చన్నారు.

నెత్తురు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. రెప్పలు బిగించి వేలు చాపేదాన్ని. అత్తయ్యే గుచ్చి, మీటరులో అంకె పైకి చదివి, పుస్తకంలో రాసేది.

"నూట పది! నా మనవరాలు బుద్ధిమంతురాలే. పిరికితనం మాత్రం నీ పోలిక రాకపోతే చాలు," అని నవ్వించేది.

డాక్టరుగారు ఆ పుస్తకం రెండుసార్లు తిరగేశారు. "అన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా! ఏదీ, మీటరివ్వండి," అన్నారు. పాత అంకెలన్నీ అందులో ఉంటాయట. మీట నొక్కి చదివారు. రెండు వందల నలభై. రెండు వందల అరవై ఐదు. రెండు వందల తొంభై.

ఆవిడ నా వైపు చూశారు. నేను అత్తయ్య వైపు చూశాను.

"మొదటి రోజు ఉన్నదున్నట్టే చదివానమ్మా," అంది అత్తయ్య. "ఇదీ దక్కదని రెండు రోజులు మెతుకు ముట్టకుండా ఏడ్చావు. కడుపుతో ఉన్నదానివి, నిన్ను రోజూ ఎలా ఏడిపించను?"