తలుపున్న తొట్టి

స్నానాలగదిలో కైలాసం రెండోసారి జారిపడ్డాక, భార్య తిరుమల అతన్ని వెంటబెట్టుకుని కరీంనగర్‌లో స్నానపు తొట్లు అమ్మే దుకాణానికి వచ్చింది.

"దీనికి తలుపుందమ్మా. కాలెత్తి దాటే పనిలేదు, నడిచిపోయి కూసోవచ్చు," అన్నాడు దుకాణదారు. "ఒక్కటే తిప్పలు. నీళ్లన్నీ పోయేదాక తలుపు తెరవరాదు. గా పక్కదాంట్ల అయితే జల్ది పోతయి."

"నిదానంగ పోయేదే ఇయ్యి," అంది తిరుమల.

మరమగ్గాల మోతకు వినికిడి తగ్గిన కైలాసం చెవిమిషన్ సర్దుకున్నాడు. "ఎందుకే?"

"నేను మాట మొదలువెట్టంగనే చాయ్ హోటల్‌కు ఉరుకుతవు. ఇగ తొట్లకెల్లి ఎటు ఉరుకుతవో చూస్త!"

దుకాణదారు జాలిగా చూశాడు. కైలాసం మాత్రం ముసిముసిగా నవ్వి, మిషన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"తానానికి పోయేముందు దీన్ని తీసిపెట్టాలన్నడు డాక్టరు. గదే ఇయ్యి, సేటూ."