మోటారు రూములో రమ్మీ

భద్రమ్మ మోటారు రూము తలుపు ధడాలున తోసింది. లోపల, ఎండిపోయిన బోరు పక్కన, కొడుకు నాగేశ్వర ముగ్గురు స్నేహితులతో పేకాడుతున్నాడు. మధ్యలో బ్రాందీ సీసా.

"నా కడుపు కాల్చినావు కదరా! నీ లివరు ఈపాటికి పోయింటాది. యాదీ, నోరు తెరువు!"

నాగేశ్వర తెరిచాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టి చూసింది. ఉల్లిగడ్డ వాసన తప్ప ఇంకేమీ లేదు.

"ఓడినోడే తాగల్లని రూలమ్మా," అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. "పొద్దున్నించి నేనే గెలుస్తాండా. జోకరు పారేస్తే ఇంకో జోకరు వస్తాది. కలిసిన ముక్కలు దాచిపెట్టుకుంటే వీళ్లే లాక్కొని, కింద పరిచి 'షో' అంటాండారు!"

"నీ కొడుకు బంగారం పెద్దమ్మా," అన్నాడు ఆ ముగ్గురిలో ఒకడు కుళ్లాయప్ప, తూలుతూనే గ్లాసు నింపుకుంటూ.

భద్రమ్మ గుండె కుదుటపడింది. వాన కలిసిరాని, బోరు కలిసిరాని ఇంటికి ఇన్నాళ్లకు అదృష్టం దోవ కనుక్కుని వచ్చింది.

"ఇంటికి పోదాం పదమ్మా," అని నాగేశ్వర లేచాడు.

ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

"దోవలో బ్రాందీ షాపు ఉండాది. ఈడే ఆడుకో నాయనా."

పక్కనే చతికిలబడి, ముక్కలు తనే కలపడం మొదలుపెట్టింది.