సగం చుట్టు

"ఇంత మెల్లగ తోలితే ఆదోని చేరేలోగా పత్తంతా గాలికి పోతాది. తొక్కు" అన్నాడు ఎర్రిస్వామి.

ఈరేష్ తొక్కలేదు. పికప్పు ఎర్రిస్వామిది, తోలేది ఈరేష్. వెనక పత్తి విడిపించడానికి పోయే ఆడవాళ్ళు ఇరవై మంది, సద్ది డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ళలో ఈరేష్ భార్య లక్ష్మి కూడా ఉంది. నందవరంలో ఎక్కినప్పటి నుంచి ఒకటే నవ్వులు. ఆ నవ్వులు వింటూ ఈరేష్ వేగం ఇంకాస్త తగ్గించాడు.

స్టీరింగు సగం చుట్టు వట్టిగానే తిరుగుతోంది. ఆ తర్వాతే టైర్లు కదులుతున్నాయి. మొన్న ఎమ్మిగనూరులో మెకానిక్కు జయన్న బండి కింద దూరి, టైర్లను తిప్పే రాడ్డు కొస పట్టుకుని ఊపి చూపించాడు. అది ఊడబోయే పన్నులా ఊగింది. "గట్టి గుంతలో పడితే ఊడొస్తాది. అప్పుడు బండి నీ మాట ఇనదు. రోడ్డెక్కించొద్దు" అన్నాడు.

"ఒక్క దినం నిలిపితే రాడ్డు మార్పిచ్చుకోవచ్చు కదన్నా" అన్నాడు ఈరేష్, ఇప్పటికి నాలుగోసారి.

"పత్తి కాలం అయిపోనీ, చూస్తాం. నీకంత భయమైతే దిగు. తిక్కయ్య తోలతాడు. వాడు నీ మాదిరి గడగడ వణకడు."

తిక్కయ్య ఎనభైకి తక్కువ తోలడు. పనికి పోవద్దని లక్ష్మిని నిన్ననే బతిమాలాడు ఈరేష్. "అందరూ పోతాంటే నేనొక్కదాన్నే ఇంట్లో కూకోవాల్నా? నువ్వు తోలే బండిలో నాకేం భయం?" అని నవ్వేసింది.

ఎదురుగా లారీ వచ్చింది. ఈరేష్ రెండు చేతులతో చక్రాన్ని ఎడమకు తిప్పాడు. బండి వినలేదు. ఇంకా తిప్పాడు. లారీ జానెడు దూరంలో దాటిపోయింది. వెనక గంగమ్మ "ఓయప్పా, మెల్లగ" అని అరిచింది. ఎర్రిస్వామి గుండె కూడా గుభేలుమంది కానీ, ఒప్పుకుంటే బండి ఆపాల్సి వస్తుంది కాబట్టి కిటికీలోంచి చేలు చూడసాగాడు.

అంతలో అతని ఫోన్ మోగింది. విని, ముఖం మాడ్చుకున్నాడు.

"ముందర బ్రేకు ఇన్‌స్పెక్టరు ఉండాడంట. ఎడమకు తిప్పు. చేల దోవ పట్టు."

"ఆ దోవ నిండా గుంతలేనన్నా. ఎనక ఆడోళ్ళుండారు."

"తిప్పమంటాంటే."

ఈరేష్ చక్రం తిప్పాడు. సగం చుట్టు వట్టిగా తిరిగింది. బండి చేల దోవ దాటి నేరుగా పోయి, చెయ్యి అడ్డం పెట్టిన ఇన్‌స్పెక్టరు ముందు ఆగింది. ఈరేష్ చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

ఇన్‌స్పెక్టరు వంగి, టైరు వెనక చెయ్యి పెట్టి ఊపి చూశాడు. "సామాన్ల బండిలో ఇంతమందిని ఎక్కించుకున్నది చాలక, ఈ రాడ్డుతోనా?" అన్నాడు. బండిని అక్కడే పట్టేసుకున్నాడు.

ఆడవాళ్ళు దిగారు. ఎర్రిస్వామి పళ్ళు కొరికాడు. "ఎవుడో ఉప్పందించినాడు. లేకుంటే ఇన్ని బండ్లు పోతాంటే నా బండికే చెయ్యి పెడతాడా? వాడు దొరకనీ, ఈ సుట్టుపక్కల యాడా పని పుట్టకుండా చేస్తా."

లక్ష్మి కొంగు నడుముకు దోపుకుంది. "ఇందరి నోటికాడి కూడు తీసినాడు కదా, వాని చేతులు పడిపోను" అంది.

ఈరేష్ తల ఎత్తలేదు. అతనికి లారీ ఎదురొచ్చినప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ భయం వేసింది.

"డ్రైవరు పేరు, ఫోన్ నంబరు చెప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎర్రిస్వామి, లక్ష్మి ఇద్దరూ పక్కనే ఉన్నారు. ఈరేష్ పేరు చెప్పి, నంబరు ఒక్కొక్క అంకే చెప్పాడు. ఇన్‌స్పెక్టరు తన సెల్లులో కొట్టుకుంటూ చివరి అంకె దగ్గర ఆగిపోయాడు. ఈరేష్ వైపు ఒకసారి, లక్ష్మి వైపు ఒకసారి చూసి, సెల్లు జేబులో వేసుకున్నాడు.

పొద్దున ఆయనకు ఫోన్ వచ్చింది ఆ నంబరు నుంచే.