ఆ పేజీ మనకి కనబడదు

"నీ రెజ్యూమే చూశాను వదినా. ఫొటో బాగుంది."

వదిన చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఆడపడుచు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

మేడ మీద గది. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, కటకటమంటూ తిరిగే ఒక ఫ్యాను. కంపెనీ మొత్తం ఇంతే, మనుషులూ ఈ ఇద్దరే. వెబ్‌సైట్లు కట్టడం వదిన పని. కట్టినదాంట్లో తప్పులు పట్టడం ఆడపడుచు పని. "ఎక్కడైనా ఆడపడుచులు తప్పులు ఊరికే పడతారు, మా ఇంట్లో అయితే అందుకు సగం వాటా కూడా ఇచ్చుకోవాలి" అని వదిన అందరి దగ్గరా నవ్వేది.

వాళ్లు కట్టిన ఉద్యోగాల సైటు కిందటి వారమే జనంలోకి వెళ్లింది. లోపలి తాళాలన్నీ, అంటే అన్నీ చూడగలిగే పాస్‌వర్డులన్నీ, దాని యజమానులకు అప్పగించేశారు. ఉద్యోగం కావలసినవాళ్లు అందులో రెజ్యూమే పెడతారు, కంపెనీల వాళ్లు లాగినై చూసుకుంటారు. ప్రతి రెజ్యూమేకీ ఒక పేజీ, ప్రతి పేజీకీ ఒక అడ్రసు. ఆ అడ్రసు కొడితే ఎవరికి తలుపు తెరవాలో, ఎవరి మొహం మీద వేసెయ్యాలో వదిన కోడ్ రాసింది. లాగిన్ లేనివాడు గుమ్మంలోనే ఆగాలి. కంపెనీ లాగిన్ ఉన్నవాడు లోపలికి రావచ్చు. ఆ మనిషి ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీకి మాత్రం "పేజీ లేదు" అని రావాలి, లేకపోతే కొత్త ఉద్యోగం మాట దేవుడెరుగు, ఉన్నది ఊడుతుంది. ఇవన్నీ సరిగ్గా జరుగుతున్నాయో లేదో కంప్యూటరే తనంతట తాను చూసుకునేలా ఆడపడుచు టెస్టులు రాసింది. పాసైతే పచ్చ, తప్పితే ఎరుపు.

"పొద్దున్నుంచీ రెజ్యూమేలు తిరగేస్తున్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్యలో నువ్వు" అంది ఆడపడుచు.

కాలేజీలో పక్కన కూర్చున్న స్నేహితురాలిని పట్టుబట్టి వదినను చేసుకుంది తనే. ఆ తర్వాత పట్టుబట్టి బంగారంలాంటి ఉద్యోగం మాన్పించి ఈ గదిలోకి తెచ్చిందీ తనే. మధ్యలో ఎవరూ చెయ్యి వదలకూడదని ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు. ఆ సైటు యజమానులే రేపు ఇంకో పెద్ద పనితో వస్తున్నారు. రెండేళ్లపాటు ఇద్దరూ కలిసే ఉంటామని సంతకాలు పెడితేనే ఆ పని ఇస్తారు. ఒకరు తప్పుకున్నా ఈ గదికి తాళమే.

అలాంటప్పుడు చాటుగా ఉద్యోగం వెతుక్కుంటుందా? ఈ సంగతి అన్నయ్యకు తెలుసా, లేక మొగుణ్నీ మోసం చేస్తోందా? ఆడపడుచు ఆపకుండా అడుగుతూనే ఉంది. వదిన నోరు తెరిచినప్పుడల్లా ఇంకో మాట అడ్డం వేసింది. అడుగుతూ అడుగుతూనే ఆడపడుచు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావు.

"ఇంకెవరు చేసినా ఓర్చుకునేదాన్ని. నువ్వా వదినా?"

ఆడపడుచు కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"సరే. రేపు నేనూ సంతకం పెట్టను. నా దారి నేను చూసుకుంటాను. కంపెనీ మూతబడితే ఆ పాపం నీదే."

అప్పటికి వదినకు చెప్పడానికి సందు దొరికింది. టెస్టుల్లో ఉన్నవాళ్లంతా ఉత్తుత్తి మనుషులు, ఉత్తుత్తి కంపెనీలు. నిజం మనిషి వచ్చినా తలుపులు అలాగే పనిచేస్తాయా అని ఆమెకు అనుమానం వచ్చింది. రేపు సైటు యజమానుల ముందు తలవంపులు కాకూడదని, నిన్న తన రెజ్యూమేనే పెట్టి చూసింది. ఇవాళ తీసేద్దామనుకుంది.

"నా చెవిలో పువ్వులు పెట్టకు" అంది ఆడపడుచు.

వదిన కళ్లు తుడుచుకుంది. తమ కంపెనీ లాగిన్‌తో సైటు తెరిచి, తన రెజ్యూమే అడ్రసు కొట్టింది. తెర మీద "పేజీ లేదు" అని వచ్చింది. అంతటితో ఆగక టెస్టులన్నీ మళ్లీ నడిపింది. పైనుంచి కిందదాకా పచ్చ.

"చూశావా? నీ టెస్టు ఒక్కటీ తప్పలేదు. ఎంత వెతికినా ఆ పేజీ మనకి కనబడదు. ఇది చూసుకోడానికే పెట్టానే" అంది వదిన, తేలికపడ్డ గొంతుతో. ఆడపడుచును దగ్గరకు తీసుకోబోయింది. చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది.

"మరి నీకెలా కనబడింది?"

ఆడపడుచు గబుక్కున వెళ్లి తన కంప్యూటరు ఆపేసింది.

వచ్చే నెల తాను చేరబోతున్న కంపెనీ, తన కింద పనిచేసేవాళ్లను ఇప్పటినుంచే వెతుక్కోమని ఇచ్చిన లాగిన్‌లో ఆమెకు వదిన కనబడింది.